పేరు చూసి కొంటే సరిపోతుందా?

ఫోనైనా, వాషింగ్ మెషీనైనా కొనేటప్పుడు మనలో చాలామంది ముందు చూసేది కంపెనీ పేరు. "శామ్‌సంగే కదా, ఇంకేం చూస్తాంలే" అనే మాట ఇక్కడ అమెరికాలో మన ఇళ్లలో నేను చాలాసార్లు విన్నాను.

ఆ పేరు ఊరికే రాలేదు. 1995లో ఛైర్మన్ లీ కున్-హీ కానుకలుగా ఇచ్చిన ఫోన్లు పనిచేయడం లేదని తెలిసింది. దక్షిణ కొరియాలోని గుమీ ఫ్యాక్టరీ దగ్గర సుమారు లక్షన్నర ఫోన్లు, ఇతర వస్తువులు కుప్పపోయించి, కార్మికుల కళ్లముందే తగలబెట్టించారాయన.

అలాంటి కంపెనీకి 2016లో పరువు పోయింది. ఆగస్టులో వచ్చిన గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోవడం మొదలైంది. సెప్టెంబరులో వెనక్కి తీసుకుని కొత్తవి ఇస్తే, వాటిలోనూ కొన్ని కాలాయి. అక్టోబరులో తయారీయే ఆపేశారు. అమెరికాలో విమానాల్లోకి ఆ ఫోన్ తీసుకెళ్లడమే నిషేధించారు.

సైన్స్ చదువుకున్నదాన్ని కాబట్టి కారణమేమిటో వెతికి చదివాను. లిథియం బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పల్చటి పొర ఒకటి ఉంటుంది. అది దెబ్బతింటే రెండూ కలిసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మొదటి బ్యాటరీల్లో చోటు చాలక మూల దగ్గర ఎలక్ట్రోడ్ వంగింది. మార్చి ఇచ్చినవాటిలో వెల్డింగ్ దగ్గర మిగిలిన మొనలు ఆ పొరను గుచ్చాయి. 2017 జనవరిలో కంపెనీయే ఈ సంగతి చెప్పింది. మొదటిది పొరపాటు అనుకుందాం. సరిచేసి ఇచ్చామన్నదీ కాలితే ఇక నమ్మేదెలా?

2016 నవంబరులో పైనుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీన్లు దాదాపు 28 లక్షలు రీకాల్ చేశారు. బొంతల్లాంటి బరువైనవి వేసి వేగంగా తిప్పితే అదురుడుకి పైభాగం ఊడివచ్చే ప్రమాదం ఉంది. ఒకరికి దవడ విరిగింది. 2024 ఆగస్టులో ఎలక్ట్రిక్ స్టవ్‌ల వంతు వచ్చింది. ముందువైపు నాబ్‌లకు మనుషులో పెంపుడు జంతువులో తగిలి స్టవ్ వెలిగిపోతోందట. 11 లక్షలకు పైగా స్టవ్‌లు, దాదాపు 250 అగ్నిప్రమాదాలు! అడిగినవాళ్లకు నాబ్‌లకు తాళాలో, మూతలో ఉచితంగా ఇస్తామన్నారు.

అసలు చిక్కు ఈ "అడిగినవాళ్లకు" అన్న మాటలోనే ఉంది. రీకాల్ ఉత్తరం నేరుగా వచ్చేది ఎక్కువగా వస్తువు రిజిస్టర్ చేసుకున్నవాళ్లకే. మనమేమో ఇండియా తిరిగి వెళ్లేవాళ్ల దగ్గర మూవింగ్ సేల్‌లో కొంటాం. అద్దె అపార్ట్‌మెంట్‌లో స్టవ్ ఇంటివాళ్లది. రెండు సందర్భాల్లోనూ ఆ కబురు మనదాకా రాదు.

అందుకే నేను మూడు పనులు చేస్తాను. వస్తువు ఇంటికి రాగానే మోడల్ నంబరున్న స్టిక్కర్‌ను ఫోటో తీసుకుంటాను. సెకండ్ హ్యాండ్‌దైనా కంపెనీ సైట్‌లో నా పేరు నమోదు చేస్తాను. కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ సైట్‌లో రీకాల్ ఉందేమో చూస్తాను. అద్దె ఇల్లయితే ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి నాబ్ తాళాలు అడగండి. నోటిమాటగా వదిలేయకండి.

ఏ కంపెనీ వస్తువైనా చెడిపోవచ్చు. చెడినప్పుడు తనే ముందుకొచ్చి చెప్పే కంపెనీకే మళ్లీ మన డబ్బు దక్కాలి. పాకే పిల్లలున్న ఇళ్లలో మాత్రం ఆ స్టిక్కర్ ఈ రోజే చూడండి.