మ్యారేజ్ వాల్యూ

ఇంగ్లండ్, వేల్స్‌లో ఫ్లాట్ కొన్నవారిలో చాలామందికి దక్కేది నిర్ణీత కాలపు లీజు మాత్రమే. భవనం, స్థలం ఫ్రీహోల్డర్‌వి. గడువు తరిగేకొద్దీ ఫ్లాటు ధర పడిపోతుంది, గృహరుణం దొరకడమూ కష్టమవుతుంది. అందుకే సొమ్ము చెల్లించి లీజును మరో 90 ఏళ్లు పెంచుకునే హక్కును 1993 నాటి చట్టం ఇచ్చింది.

లీజు పొడిగిస్తే ఇరుపక్షాల హక్కుల మొత్తం విలువ పెరుగుతుంది. ఆ అదనపు విలువే మ్యారేజ్ వాల్యూ. మిగిలిన గడువు 80 ఏళ్లు దాటి ఉంటే దీని ఊసే ఉండదు. అంతకు తగ్గిందా, మిగతా పరిహారంతో పాటు ఇందులో సగం ఫ్రీహోల్డర్‌కు కట్టాలి. పెరుగుదల 20,000 పౌండ్లయితే అదనపు భారం 10,000.

2024 సంస్కరణ చట్టం దీన్ని రద్దు చేసి, పొడిగింపును 990 ఏళ్లకు పెంచింది. అయితే చట్టం ఆమోదం పొందినంత మాత్రాన ఈ నిబంధనలు అమల్లోకి రావు, ప్రభుత్వం విడిగా ఉత్తర్వులివ్వాలి. ఫ్లాటు కొని రెండేళ్లు ఆగాలన్న షరతు మాత్రం 2025 జనవరి 31న పోయింది. ఈ చట్టంపై ఫ్రీహోల్డర్ల సవాలును అదే ఏడాది అక్టోబరులో హైకోర్టు కొట్టేసింది. ఈ జాప్యంలో నిజంగా నలిగేది 80 ఏళ్ల గీతకు అటూఇటూ ఉన్నవారే: ఇప్పుడే కట్టేయాలా, ఆగాలా అన్నది వారికి ఎవరూ తేల్చి చెప్పలేకపోవడం అన్యాయం.