సంధిపాదుల జాతిగణనము

భూమిపై గల జంతుజాతులలో అధికభాగము సంధిపాదులే. కీళ్లు గల కాళ్లుండుట వీని ముఖ్యలక్షణము. చీమలు, తుమ్మెదలు, సాలెపురుగులు, తేళ్లు, జెఱ్ఱులు, పీతలు ఈ వర్గమునకు చెందినవే. వీనిలో కొన్ని పూవు నుండి పూవునకు పుప్పొడిని చేర్చును. కొన్ని రాలిన ఆకులను మట్టిలో కలుపును. పెక్కు పక్షులకు ఇవియే ఆహారము.

జర్మనీ దేశమున 63 రక్షిత ప్రదేశములలో పట్టిన పురుగులను తూచిచూడగా, 27 సంవత్సరములలో ఎగిరెడు కీటకముల బరువు నూటికి 75 పాళ్లకు మించి తగ్గినదని 2017లో ప్రకటింపబడెను. అయితే త్రాసు బరువును మాత్రమే తెలుపును. ఏ జాతులు మిగిలినవో, ఏవి నశించినవో తెలుపజాలదు. ఒక్కొక్క పురుగును పరీక్షించి పేరు చెప్పగల పండితులు కొలదిమంది మాత్రమే కలరు.

ఈ చిక్కు తీరు మార్గమును అంతకు పూర్వమే, 2003లో, కెనడా దేశపు శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ తన సహచరులతో కూడి సూచించెను. జీవకణములలోని డి.ఎన్.ఏ. నాలుగక్షరములతో వ్రాయబడిన లిపి వంటిది. జంతువులందలి ఒకానొక జన్యువులో సుమారు 650 అక్షరముల భాగము సాధారణముగా జాతి జాతికి భేదించును. అంగడి సరకుపై గల గీతల గుర్తువలె అది జాతిని తెలుపును. కోస్టారికా దేశమున ఒకే జాతిగా భావింపబడిన సీతాకోకచిలుకలో పది జాతులు కలవని 2004లో ఆయన బృందము ప్రకటించెను. వాని గొంగళిపురుగుల రూపములు, తినెడు మొక్కలు వేఱువేఱుగా నుండెను.

గణనము జరుగు విధమిది. ఎంచుకొన్న ప్రతి స్థలమున వలగుడ్డతో కుట్టిన గుడారము నొకదానిని నిలుపుదురు. స్వీడన్ దేశీయుడగు రెనె మలేజ్ దీనిని 1937లో వర్ణించెను. గుడ్డకు తగిలిన పురుగు వెలుతురు వైపు పైకి ప్రాకి, కొననున్న ఆల్కహాలు సీసాలో పడును. అట్లు చేరిన పురుగులను కలిపి నూరి, డి.ఎన్.ఏ.ను వేఱుచేయుదురు. గుర్తుభాగమునకు అసంఖ్యాకముగా ప్రతులు తీసి, యంత్రముచే చదివించి, తెలిసిన జాతుల పట్టికతో పోల్చిచూతురు.

స్థలములను పోల్చుటయే ఇందు ప్రధానము. రెండు అడవులలో నూఱేసి జాతులున్నవనుకొందము. అవి ఒకే జాతులైనచో మొత్తము నూఱే. పూర్తిగా వేఱైనచో రెండు వందలు. అట్టియెడ ఒక అడవిని నఱికినచో నూఱు జాతులు అచ్చట నశించును. రెండవ అడవి ఆ లోటును పూడ్చజాలదు.

ఈ పద్ధతి ఏ జాతులున్నవో చెప్పును గాని, ఒక్కొక్క జాతిలో ఎన్ని పురుగులున్నవో సరిగా చెప్పజాలదు. పట్టికలో లేని జాతికి పేరు పెట్టుటకు పండితుడే కావలయును. కావున యంత్రము పండితునకు సహాయకారియే కాని, ఆయన స్థానమును ఆక్రమింపజాలదు. ఉన్నదేదో ఎఱిగిననే కదా, దానిని కాపాడుట సాధ్యమగును!