యూనివర్సిటీలకు ఫుట్‌బాల్ స్టేడియాలు అవసరమా?

మా అన్నయ్య వాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు. వాళ్ళబ్బాయి టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మాకు ఆదివారం పొద్దున అయ్యేసరికి వాళ్ళకి శనివారం సాయంత్రం. ఫుట్‌బాల్ సీజన్‌లో ఆ టైముకి ఫోన్ చేశామంటే వాడి మాటలు వినపడవు, వెనక గోలే వినపడుతుంది. ఒకసారి వీడియో ఆన్ చేసి స్టేడియం మొత్తం తిప్పి చూపించాడు. దాని పేరు కైల్ ఫీల్డ్. లక్షా రెండు వేలమందికి పైగా పడతారట. యూనివర్సిటీ సొంత స్టేడియం!

పదకొండో క్లాసు చదివే మా అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. "మన యూనివర్సిటీలకు ఇలాంటిది ఎందుకు లేదమ్మా?" అని అడిగింది. "చదువుకునే చోట స్టేడియం దేనికే" అనేశాను గానీ, ఆ జవాబు నాకే ఆనలేదు. వచ్చే ఏడాది తనూ ఏదో ఒక యూనివర్సిటీలో సీటు కోసం చూడాలి కదా. అక్కడ మనం కట్టే డబ్బు దేనికి పోతుందో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, చాలా సంగతులు తెలిశాయి.

ముందు ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఊరిని బట్టి అర్థం మారుతుంది. మెల్బోర్న్‌లో ఫుటీ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్, సిడ్నీలో అదే మాటకి రగ్బీ లీగ్. మనం ఇండియాలో ఫుట్‌బాల్ అనే గుండ్రటి బంతి ఆటని చాలామంది సాకర్ అంటారు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ మళ్ళీ వేరు. ఆట ఏదైనా నా ప్రశ్న ఒకటే కాబట్టి అన్నిటినీ కలిపే మాట్లాడుకుందాం.

మా అమ్మాయి ప్రశ్నకి జవాబు వందేళ్ళ కిందట మెల్బోర్న్‌లోనే ఉంది. ఇప్పుడు ఏఎఫ్‌ఎల్ అంటున్న లీగ్‌ని అప్పట్లో వీఎఫ్‌ఎల్ అనేవాళ్ళు. అందులో 1908లో రిచ్‌మండ్‌తో పాటు ఒక కొత్త జట్టు చేరింది. దాని పేరే 'యూనివర్సిటీ'. మెల్బోర్న్ యూనివర్సిటీ వాళ్ళ జట్టు అది. సొంత స్టేడియం ఏమీ లేదు. మొదట ఈస్ట్ మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, తర్వాత ఎంసీజీలో ఆడేవాళ్ళు. మొదటి మూడేళ్ళు ఫరవాలేదు, రెండుసార్లు ఆరో స్థానంలో నిలిచారు. 1911లో లీగ్ ఆటగాళ్ళకి డబ్బులివ్వడానికి ఒప్పుకుంది. మిగతా జట్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. యూనివర్సిటీ మాత్రం మేం డబ్బుకి ఆడం అని కూర్చుంది. ఆడేవాళ్ళలో మెడిసిన్ చదివేవాళ్ళు చాలామంది, పరీక్షలు దగ్గరపడితే పుస్తకాలు వదిలి రావడం కష్టం. ఫలితం ఏమైందంటే వరసగా 51 మ్యాచ్‌లు ఓడిపోయారు! మీరు సరిగ్గానే చదివారు, యాభై ఒకటి. 1914 సీజన్ అయ్యాక లీగ్ నుంచి తప్పుకున్నారు. అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం కూడా మొదలైంది.

ఆ జట్టులో రాయ్ పార్క్ అనే మెడికల్ స్టూడెంట్ ఉండేవాడు. అట్టడుగున ఉన్న జట్టులో ఆడుతూ కూడా 1913లో 53 గోల్స్ కొట్టాడు. తర్వాత డాక్టరయ్యాడు, క్రికెట్‌లో ఆస్ట్రేలియా తరఫున ఒకే ఒక టెస్ట్ కూడా ఆడాడు. 1920 చివర మెల్బోర్న్‌లో జరిగిన ఆ టెస్ట్‌లో మొదటి బంతికే బౌల్డ్. వాళ్ళావిడ అల్లిక సామాను కింద పడితే తీసుకోవడానికి వంగిందని, తలెత్తేసరికి ఆయన బ్యాటింగ్ కెరీర్ మొత్తం అయిపోయిందని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆవిడని తలుచుకుంటే నాకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి.

ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పెద్ద ఫుట్‌బాల్ అంతా పేటల క్లబ్బులదే అయింది. కాలింగ్‌వుడ్, ఫుట్స్‌క్రే, కార్ల్టన్ అన్నీ పేట పేర్లే. ఇక్కడ పుట్టిన పిల్లవాడికి జట్టు మీద ప్రేమ తాతల నుంచి వస్తుంది, యూనివర్సిటీ నుంచి కాదు. స్టేడియాలు కట్టాల్సి వస్తే ప్రభుత్వాలు కడతాయి. హోబార్ట్‌లో మక్వారీ పాయింట్ దగ్గర టాస్మేనియా కొత్త ఏఎఫ్‌ఎల్ జట్టు కోసం కట్టదలచిన 23 వేల సీట్ల స్టేడియం అంచనా 113 కోట్ల డాలర్లకు చేరింది. దాని మీద అక్కడ ఎంత గొడవ జరిగిందో వార్తల్లో చూసే ఉంటారు. అంత బరువు ఒక యూనివర్సిటీ ఎత్తుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అమెరికాలో ఎత్తుకున్నాయి. కైల్ ఫీల్డ్‌ని 2015కల్లా తిరగకట్టడానికి అయిన ఖర్చు 48 కోట్ల 50 లక్షల డాలర్లు. అదే యూనివర్సిటీ 2023 నవంబర్‌లో ఫుట్‌బాల్ కోచ్‌ని మధ్యలో తీసేసింది. కాంట్రాక్టు ప్రకారం ఆయనకి ఇవ్వాల్సింది 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైగా. పని చేయనందుకు! మా అన్నయ్యతో ఈ మాటంటే, "అదంతా చందాలిచ్చే పాత స్టూడెంట్ల డబ్బేనే, ట్యూషన్ ఫీజు కాదు" అన్నాడు. అందులో నిజం ఉంది. పెద్ద జట్లకి టీవీ డబ్బు, టికెట్ల డబ్బు, చందాలు బాగా వస్తాయి. కానీ ఎన్ని జట్లకి? కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారమే 2019లో క్రీడల మీద సంపాదించింది ఖర్చు కన్నా ఎక్కువ ఉన్న యూనివర్సిటీలు 25. ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పై తరగతిలో ఆడేవే దాదాపు 130 ఉన్నాయి. మిగతావాళ్ళు లోటుని యూనివర్సిటీ ఖజానా నుంచి, విద్యార్థుల దగ్గర వసూలు చేసే ఫీజు నుంచి పూడ్చుకుంటారు. 2025 జులై నుంచి ఆటగాళ్ళకి యూనివర్సిటీలే నేరుగా డబ్బులివ్వచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఈ బండి ఇంకా బరువెక్కేదే గానీ తగ్గేది కాదు.

స్టేడియాన్ని సమర్థించేవాళ్ళు చెప్పే గట్టి మాట ఒకటుంది. 1984లో బోస్టన్ కాలేజీ ఆటగాడు డగ్ ఫ్లూటీ ఆఖరి క్షణంలో బంతిని చాలా దూరం విసిరి మయామీ మీద మ్యాచ్ గెలిపించాడు. దేశమంతా టీవీలో చూసింది. తర్వాత ఆ కాలేజీకి అప్లికేషన్లు పెరిగాయి. దానికి ఫ్లూటీ ఎఫెక్ట్ అని పేరే పెట్టారు. అయితే అక్కడ అప్లికేషన్లు అంతకుముందు నుంచే పెరుగుతూ వస్తున్నాయి. సైన్సు చదివినదాన్ని కాబట్టి నాకు వెంటనే వచ్చే అనుమానం ఇదే: ముందు జరిగినదంతా వెనక జరిగినదానికి కారణమేనా? పోనీ కొంత నిజమే అనుకుందాం. ప్రతి మ్యాచ్‌లో ఒకరు గెలిస్తే ఒకరు ఓడాలి. అందరూ డబ్బు పోస్తే అందరికీ అప్లికేషన్లు పెరగవు కదా.

షికాగో యూనివర్సిటీ సంగతి నాకు అన్నిటికన్నా నచ్చింది. ఒకప్పుడు వాళ్ళది పెద్ద జట్టు. కాలేజీ ఫుట్‌బాల్‌లో గొప్ప బహుమతి అయిన హైస్మన్ ట్రోఫీ 1935లో మొట్టమొదటగా వచ్చింది వాళ్ళ ఆటగాడికే. 1939లో ఆ యూనివర్సిటీ అధిపతి రాబర్ట్ హచిన్స్ ఫుట్‌బాల్ జట్టునే తీసేశాడు. దాంతో స్టాగ్ ఫీల్డ్ అనే వాళ్ళ స్టేడియానికి పెద్దగా పని లేకుండా పోయింది. 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో మొదటి అణు రియాక్టర్‌ని నడిపింది ఆ స్టేడియం గ్యాలరీ కిందే, స్క్వాష్ ఆడే గదిలో. బీఎస్సీలో ఫెర్మీ పేరు ఎన్నిసార్లు చదివానో, ఈ గ్యాలరీ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇప్పుడు ఆ స్టేడియం స్థలంలో యూనివర్సిటీ లైబ్రరీ ఉంది.

మళ్ళీ ఆస్ట్రేలియాకి వద్దాం. ఇక్కడి యూనివర్సిటీలు స్టేడియాలు కట్టకపోయినా ఫుట్‌బాల్ మీద డబ్బు పెడుతూనే ఉన్నాయి, దారి వేరు. టాస్మేనియాలోని లాన్సెస్టన్‌లో యార్క్ పార్క్ అనే పాత స్టేడియం ఉంది. 2017 నుంచి దాని మీద యూనివర్సిటీ ఆఫ్ టాస్మేనియా పేరు పెట్టారు. స్టేడియం యూనివర్సిటీది కాదు, అక్కడ ఏడాదికి నాలుగు ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడుతూ వచ్చిన హాథార్న్ జట్టు మెల్బోర్న్ వాళ్ళది. పేరు పెట్టుకునే హక్కు కొనుక్కోవడం, అంతే. యూనివర్సిటీ కొత్త క్యాంపస్ ఆ పక్కనే ఇన్వరెస్క్‌లో ఉంది, మ్యాచ్‌లు దేశమంతా టీవీలో వస్తాయి కాబట్టి మంచి ప్రచారమే అని వాదించొచ్చు. కానీ ఆ రాష్ట్రంలో పుట్టిన యూనివర్సిటీ అదొక్కటే. ఆ ఊరివాళ్ళకి దాని పేరు కొత్తగా నేర్పాలా?

అమెరికాలో ఇంతకన్నా విచిత్రం జరిగింది. యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్ అనే సంస్థకి ఫుట్‌బాల్ జట్టే లేదు, చదువులు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. 2006లో ఆరిజోనాలోని ఒక స్టేడియానికి తన పేరు పెట్టడానికి 20 ఏళ్ళకి 15 కోట్ల 45 లక్షల డాలర్లు ఒప్పుకుంది. 20 ఏళ్ళు నిండకుండానే వదులుకుంది, 2018 నుంచి దాని మీద ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉంది.

మెల్బోర్న్ ఉత్తరాన బుండూరాలో లట్రోబ్ యూనివర్సిటీ చేసిన పని నాకు వీటికన్నా నయం అనిపించింది. అక్కడి క్యాంపస్‌లో 2023లో హోమ్ ఆఫ్ ద మెటిల్డాస్ తెరిచారు. ఆస్ట్రేలియా ఆడవాళ్ళ సాకర్ జట్టుకి అది శిక్షణ కేంద్రం. పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినా అందులో ముఖ్యభాగం ప్రభుత్వాలది, స్థలం యూనివర్సిటీ క్యాంపస్‌ది. లక్షమంది కూర్చుని చూసే చోటు కాదు, ఆడేవాళ్ళు సాధన చేసే చోటు.

ఆ తేడా నాకెందుకు పట్టిందో చెప్తాను. మేం డిగ్రీ చదివేటప్పుడు ఫీజు రసీదులో 'గేమ్స్ ఫీజు' అని ఒక వరస ఉండేది. మూడేళ్ళూ కట్టాను. ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు. గ్రౌండ్ మగపిల్లలది, మాకు లేడీస్ వెయిటింగ్ రూమ్‌లో ఒక విరిగిన క్యారమ్ బోర్డు. యూనివర్సిటీ జట్టు గెలిచిందని ప్రిన్సిపాల్ గారు సెలవిచ్చినప్పుడు మాత్రం చప్పట్లు కొట్టాం.

ఇక్కడ ఆ గేమ్స్ ఫీజు లాంటిదే ఒకటుంది, ఎస్‌ఎస్‌ఏఎఫ్ అంటారు. ఒకప్పుడు విద్యార్థి సంఘాల ఫీజు తప్పనిసరిగా ఉండేది. హోవార్డ్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో 2006 జులై నుంచి దాన్ని ఎత్తేశారు. రాజకీయాలకి వాడుతున్నారనేది కారణం. కానీ దాంతో క్యాంపస్ క్రీడా క్లబ్బులకీ ఆదాయం పోయింది. తర్వాతి ప్రభుత్వం 2012 నుంచి ఎస్‌ఎస్‌ఏఎఫ్ రూపంలో మళ్ళీ తెచ్చింది, అప్పుడు పరిమితి 263 డాలర్లు. 2025కి 365 డాలర్లయింది. చాలా చోట్ల మన దగ్గర నుంచి వచ్చే పిల్లలూ కడతారు. వేటికి ఖర్చు పెట్టొచ్చో చట్టంలోనే రాసి ఉంది, అందులో ఆటలు ఒకటి. 2025 నుంచి కనీసం 40 శాతం విద్యార్థులు నడిపే సంఘాలకే ఇవ్వాలన్న నిబంధన కూడా వచ్చింది. నన్నడిగితే యూనివర్సిటీ ఆటల మీద డబ్బు పెట్టాలి, ఇంకా పెట్టాలి. అయితే అది పిల్లలు సాయంత్రం ఆరింటికి వెళ్ళి ఆడుకునే కోర్టులకీ లైట్లకీ కోచ్‌లకీ వెళ్ళాలి. స్టేడియం గోడ మీద పేరుకి కాదు, ఇంట్లో కూర్చున్న కోచ్‌కీ కాదు.

స్టేడియాలు లేకపోతే మంచి ఆటగాళ్ళు రారు అనేవాళ్ళకి మన హైదరాబాదే జవాబు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఇదే ఊళ్ళో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ మన హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసిన మనిషి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దినవాడు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. వీళ్ళకి లక్షమంది పట్టే స్టేడియం ఎవరూ కట్టివ్వలేదు, మట్టి గ్రౌండ్లూ మంచి గురువూ దొరికారు.

మా చిన్నాన్న కొడుకు పోయినేడు మాస్టర్స్‌కి ఇక్కడికి వచ్చాడు. వారాంతాల్లో పెట్రోల్ బంకులో పని. వీసా ఫీజే 2,000 డాలర్లు, ట్యూషన్ ఫీజు సంగతి చెప్పక్కర్లేదు, ప్రతి డాలరూ లెక్క చూసుకుంటాడు. ఇదంతా చదివాక వాడి ఫీజు బిల్లు తెప్పించి చూస్తే ఎస్‌ఎస్‌ఏఎఫ్ వరస ఉంది. "ఇదేంటో తెలుసారా?" అంటే, "ఏదో టాక్స్ అనుకున్నానక్కా" అన్నాడు. బయట కోర్టు అద్దెకి తీసుకుని, తలా పదిహేను డాలర్లు వేసుకుని బ్యాడ్మింటన్ ఆడుతున్నారు వాడూ వాడి రూమ్మేట్లూ. యూనివర్సిటీలోనే బుధవారం సాయంత్రాలు విద్యార్థులకి కోర్టు ఉచితమని వెబ్‌సైట్‌లో వెతికి చూపించాను. పోయిన బుధవారం నలుగురూ వెళ్ళారు. రాకెట్లు కూడా వాళ్ళే ఇచ్చారట.