కేకులో బుడగ ఎప్పుడు పుట్టింది?

భీమవరం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "అదే మైదా, అవే కొలతలు, ఒకే డబ్బాలోని బేకింగ్ పౌడర్. మా తోటికోడలు కుక్కర్‌లో కేకు చేస్తే చక్కగా పొంగుతుంది, నేను చేస్తే చెక్కలా వస్తుంది. పౌడర్‌లో సత్తువ పోయిందా?" ఒకే డబ్బా అని ఆవిడే అన్నారు కాబట్టి పౌడర్ నిర్దోషి. అసలు దోషిని పట్టుకోవాలంటే గిన్నెలోకి చూడాలి.

మొదటి సంగతులు గబగబా చెప్పేస్తాను. వంటసోడా పులుపుతో కలిస్తే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. వేడికి అది వ్యాకోచిస్తుంది, నీరూ ఆవిరవుతుంది. ఈలోగా మైదాలోని పిండిపదార్థం, గుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడి ఆకారాన్ని నిలబెడతాయి. ఇదంతా బడి పుస్తకాల్లో ఉన్నదే. వాటిలో కనిపించని మాట ఒకటుంది: ఆ వాయువుకు పిండిలో కొత్తగా ఒక్క బుడగను కూడా పుట్టించే శక్తి లేదు. ఉన్నవాటిని పెంచడమే దాని పని.

ఎందుకంటే, బుడగ ఎంత చిన్నదైతే దాన్ని నొక్కే తలతన్యత అంత బలంగా పనిచేస్తుంది. థామస్ యంగ్ 1805లో, లాప్లాస్ 1806లో తేల్చిన లెక్క ఇది. వ్యాసార్ధం సగమైతే లోపల అదనంగా ఉండాల్సిన పీడనం రెట్టింపవుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు వ్యాసార్ధమున్న బుడగ నీటిలో నలిగిపోకుండా ఉండాలంటే లోపలి పీడనం బయటికంటే సుమారు 1.4 వాతావరణాలు ఎక్కువుండాలి. అందులో నూరో వంతు బుడగకైతే 140 పైచిలుకు! ఇక శూన్యం నుంచి మొదలుపెట్టాల్సిన బుడగ గతేమిటి? బెలూన్ ఊదేటప్పుడు మొదటి ఊపిరికే బుగ్గలు నొప్పెడతాయి, ఆ తర్వాత సులువు. పిండిలో కరిగిన వాయువు కూడా కష్టమైన దారి వదిలేసి, అప్పటికే ఉన్న గాలి బుడగలోకి దూరిపోతుంది. పైగా పెద్ద బుడగలు చిన్నవాటి వాయువును లాగేసుకుంటాయి. అంటే కలపడం ఆపిన క్షణం నుంచి బుడగల సంఖ్య తగ్గడమే తప్ప పెరగడం లేదు.

రొట్టె విషయంలో దీన్ని రుజువు చేసినవాళ్లు బేకర్, మైజ్. గాలి లాగేసిన పాత్రలో పిండి కలిపి చూసి, ఈస్టు సొంతంగా గదులు కట్టలేదని 1941లో ప్రకటించారు. కలిపేటప్పుడు చిక్కుకున్న గాలిలోని ఆక్సిజన్‌ను ఈస్టు తినేస్తుంది, బొగ్గుపులుసు వాయువేమో నీటిలో కరిగిపోతుంది. చివరికి బుడగను కాపాడేది, ఎవరూ లెక్కచేయని నైట్రోజన్! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే.

ఈస్టు గురించి తప్పుల చరిత్ర చాలా పెద్దది. రసాయన శాస్త్రంలో మహామహుడు లీబిగ్, ఈస్టుకు ప్రాణముందన్నవాళ్లను వెక్కిరిస్తూ 1839లో మిత్రుడు వోలర్‌తో కలిసి తన పత్రికలోనే పేరు లేకుండా వ్యంగ్యం అచ్చేశాడు. అందులో ఈస్టు చక్కెర మేసి సారాయి విసర్జించే జంతువు! పాశ్చర్ వచ్చాక ఆ ఎగతాళి తిరగబడింది. అయితే రొట్టె గుల్లబారిన ఘనత మాత్రం చాలాకాలం ఈస్టు ఖాతాలోనే పడింది. పిండి కలిపిన చేతిని ఎవరూ పట్టించుకోలేదు.

మన వంటిళ్లలో మాత్రం పట్టించుకున్నారు. గారెల పిండి రుబ్బాక చేత్తో గిలక్కొట్టి, చిటికెడు పిండిని నీళ్లలో వేసి, తేలితేనే మూకుడు పెడతారు. అది అచ్చంగా సాంద్రత పరీక్ష. గాలి చాలినంత చేరిందో లేదో పొయ్యి వెలిగించకముందే తెలిసిపోతుంది. మినప్పప్పులోని జిగురు పదార్థం, మాంసకృత్తులు ఆ గాలిని పట్టి ఉంచుతాయని మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 1970లలో చూపించారు. పెద్ద బేకరీలూ ఇదే లెక్క చూస్తాయి. ఒక గిన్నెడు నీళ్లు తూచి, అదే గిన్నెడు పిండిని తూస్తారు. మంచి స్పాంజ్ కేకు పిండి నీటి బరువులో సగానికి అటూ ఇటూగా ఉంటుంది.

ఇక తోటికోడళ్ల తగువు. పౌడర్ ఒకటే కాబట్టి, తేడా గిలక్కొట్టడంలోనే వెతకాలి. వెన్న, పంచదార కలిపి గిలక్కొడితే పలుకుల అంచులు గాలిని వెన్నలోకి లాక్కెళతాయి, గట్టి కొవ్వు స్ఫటికాలు దాన్ని పట్టి ఉంచుతాయి. పసుపుపచ్చని ముద్ద తెల్లబడుతుంది. ఆ తెలుపు బుడగలదే. వెన్న కరిగిపోతే పట్టి ఉంచే స్ఫటికాలే ఉండవు. మే నెలలో మన వంటిల్లే వెన్న కరిగేంత వేడిగా ఉంటుంది కదా, గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి గిలక్కొట్టాలి. నూనెతో చేసేవాళ్లకు ఈ దారి లేదు, గాలి పట్టే భారం గుడ్డు మీద పడుతుంది.

వంటల వీడియోల్లో "ఒకే వైపు తిప్పండి" అని హెచ్చరిస్తుంటారు. బుడగకు కుడి ఎడమలు తెలియవు. అంతకంటే చెడ్డ సలహా, పొంగకపోతే సోడా ఇంకాస్త వేయమనడం. ఒక టీస్పూను, అంటే సుమారు 5 గ్రాముల సోడా, పూర్తిగా పులుపుతో కలిస్తేనే లీటరుకు పైగా వాయువు ఇస్తుంది. చేరడానికి బుడగలు లేకపోతే అదంతా నాలుగు పెద్ద రంధ్రాలు చేసుకుని పైకి పోతుంది. పులుపు చాలక మిగిలిన సోడా కేకును ముదురు గోధుమ రంగుకు తిప్పి, సబ్బు రుచి తెచ్చిపెడుతుంది.