ఫిగర్ కొంటే బంగారం కొన్నట్టేనా?

ఖరీదైన యాక్షన్ ఫిగర్లు సేకరించేవాళ్లలో కొన్నాళ్లుగా ఒక లెక్క తిరుగుతోంది. "వీటి ధర ఏటా పెరుగుతూనే ఉంది. కాబట్టి ఒక్కోటి రెండేసి కొను. ఒకటి అద్దాల బీరువాలో పెట్టుకో, ఇంకోటి సీలు తీయకుండా అటకెక్కించు. మూడేళ్ల తర్వాత అటక మీదిది అమ్మితే బీరువాలోది ఉచితం." లెక్క అంత సులువైతే మన చిట్‌ఫండ్ల వాళ్లంతా ఈపాటికి బొమ్మల కొట్లు పెట్టేసేవారు. అయినా నమ్మేవాళ్లు నమ్ముతున్నారు. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగని కుర్రాళ్లు క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టి, ఒకే ఐరన్ మ్యాన్‌ను జంటగా తెప్పిస్తున్నారు. ఇంట్లో అడిగితే "పెట్టుబడి నాన్నా" అంటున్నారు. సరదాకి కొన్నానని చెబితే నాలుగు తిట్లతో పోయేది. పెట్టుబడి అనే పేరు పెట్టాక చేతిని ఆపేవాళ్లుండరు. ఆ తర్వాత వాయిదాలు కట్టలేక, సీలు కూడా తీయని డబ్బాను వచ్చినకాడికి వదిలించుకుంటున్నారు.

ధర పెరిగిన మాట నిజమే. కాదనడం లేదు. హాంకాంగ్‌కు చెందిన హాట్ టాయ్స్ వన్ సిక్స్త్ (ఆరో వంతు కొలత) బొమ్మ 2008 ప్రాంతంలో 150 డాలర్ల లోపే వచ్చేది. ఇప్పుడు మామూలు బొమ్మకే 280, 300 డాలర్లు. డైకాస్ట్ కవచం ఉంటే 400 దాటుతుంది. అయితే ఈ పెరుగుదలను కాస్త విడదీసి చూడాలి. ఈ కాలంలో అమెరికాలో అన్ని సరుకుల ధరలూ కలిపి దాదాపు సగం మేర పెరిగాయి. అంటే అప్పటి 150 డాలర్లు ఇప్పటి 225తో సమానం. నిజంగా అదనంగా పెరిగింది 60, 70 డాలర్లు మాత్రమే. ఇక మన వైపు చూస్తే, 2008లో డాలరు 40 నుంచి 50 రూపాయల మధ్య ఉండేది. ఇప్పుడు 85 దాటింది. డాలర్లలో దాదాపు రెట్టింపైన ధర, రూపాయల్లో ఆరేడు వేల నుంచి పాతిక వేలకు చేరింది. అందులో పెద్ద భాగం మన రూపాయి బక్కచిక్కిన ఫలితం. దాన్ని చూసి బొమ్మ విలువ పెరిగిందని మురిసిపోతున్నాం.

ఇక్కడ తెలివైనవాడు ఒక ప్రశ్న వేస్తాడు. రూపాయి పడిపోతే నా దగ్గరున్న పాత బొమ్మకూ ఎక్కువ రూపాయలు రావాలి కదా అని. రావాలి, డాలర్లు ఇచ్చి కొనేవాడు దొరికితే. ఎక్కడ దొరుకుతాడు? బంగారమైతే ఏ ఊళ్లోనైనా తూకం వేసి ఆ రోజు రేటు చేతిలో పెట్టే దుకాణం ఉంటుంది. బొమ్మకు ఆ రోజు రేటు అంటూ ఏదీ లేదు. మీరు అమ్మాలనుకున్న రోజున అదే పాత్ర, అదే సినిమా, అదే కవచం కావాలనుకునే ఒక మనిషి డబ్బు పట్టుకుని సిద్ధంగా ఉండాలి. మన దేశంలో పాతిక వేలు పెట్టి పాత బొమ్మ కొనేవాళ్లు ఎంతమంది? వాళ్లలో చాలామంది ఒకళ్లకొకళ్లు తెలిసినవాళ్లే. పరాయి దేశానికి పంపుదామంటే అంత పెద్ద డబ్బాకు కొరియర్ ఖర్చే లాభాన్ని మింగేస్తుంది.

పైగా మనం కొన్న ధరలో బొమ్మ ధర ఒక్కటే ఉండదు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దాని మీద జీఎస్టీ, ఆపైన కొరియరు, మధ్యవాడి కమీషను. ఇవన్నీ కట్టి ఇంటికి తెచ్చుకున్న బొమ్మను అమ్మబోతే, బయటి దేశంలో కొనేవాడు మన సుంకం ఎందుకు కడతాడు? వాడికి అది తన ఊరి ధరకే దొరుకుతుంది. కాబట్టి మన లాభం సున్నా దగ్గర మొదలవదు. పాతాళంలో మొదలై నేల మట్టానికి రావడానికే ఏళ్లు పడుతుంది.

"మరి ఫలానా బొమ్మకి లక్ష పలుకుతోంది, నేనే చూశాను" అంటారు. ఏం చూశారు? ఎవరో లక్ష అడుగుతున్న సంగతి చూశారు. అడగడానికి డబ్బేం ఖర్చవదు. ఈబేలో అమ్ముడుపోయిన వాటిని మాత్రమే విడిగా చూపించే వెసులుబాటు ఉంది. అది నొక్కి చూడండి. లక్ష అడిగేవాళ్లు మూడేళ్లుగా అడుగుతూనే ఉంటారు. ఇచ్చినవాళ్లు ఎంత ఇచ్చారో అక్కడ కనిపిస్తుంది. ఈ పుకారుకు ప్రాణం పోసింది ముందు బుక్ చేసుకుని, సరుకు చేతికి రాకముందే రెట్టింపు ధరకు బేరం పెట్టేవాళ్లు. ధర పెరుగుతుందని పదిమందీ నమ్మితేనే వాళ్ల సరుకు కదులుతుంది.

కంపెనీలు కూడా ఊరుకోవు. డార్క్ నైట్ సినిమాలోని జోకర్‌ను హాట్ టాయ్స్ 2009లో తన డీఎక్స్ వరుసలో మొదటి బొమ్మగా తెచ్చింది. అయిపోయాక దాని కోసం కొట్టుకున్నారు. కొన్నేళ్లకు అదే కంపెనీ అదే జోకర్‌ను మెరుగుపరిచిన ముఖంతో డీఎక్స్ 11గా దింపింది. తర్వాత క్వీన్ స్టూడియోస్ వాళ్ల ఇన్‌ఆర్ట్ బ్రాండు వచ్చి, తలపై వెంట్రుకలు నాటిన జోకర్‌ను పెట్టింది. పోలికలో ఒకదాన్ని మించి ఒకటి. మొదటిదాన్ని పెట్టుబడిగా దాచుకున్నవాడు ఇప్పుడు ఎవరికి అమ్ముతాడు? ఐరన్ మ్యాన్ మార్క్ 3కీ ఇదే గతి. మొదట ప్లాస్టిక్కులో వచ్చింది, ఆ తర్వాత డైకాస్ట్‌లో. జనం బాగా కోరుకునే పాత్ర మళ్లీ వస్తుంది. ఎవరూ కోరుకోని పాత్ర మళ్లీ రాదు, పాతదానికీ గిరాకీ ఉండదు. రెండు వైపులా దెబ్బే.

ఇక సీలు తీయని డబ్బా సంగతి. అటక మీద పెడితే కాలం ఆగిపోతుందనుకుంటారు. బ్యాట్‌మ్యాన్ దుస్తులకూ జాకెట్లకూ వాడే తోలులాంటి గుడ్డ చాలావరకు పాలీయురెథేన్ పూత. గాలిలో తేమ తగిలితే అది విచ్ఛిన్నమవుతుంది. పొరలు పొరలుగా ఊడిపోతుంది. డబ్బాలో ఉన్నా ఊడిపోతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉక్కపోతలో ఉన్న అటక మీద ఇంకా తొందరగా. మెత్తటి వినైల్ భాగాల్లోంచి నూనెలాంటి పదార్థం పైకి ఊరి జిగటగా మారుతుంది. కళ్లు వెలిగే బొమ్మల్లో బటన్ బ్యాటరీలు ఉంటే అవి కారి లోపలి తీగల్ని తినేస్తాయి. పదేళ్ల తర్వాత సీలు తీసిన కొనుగోలుదారుకు నెత్తురు మరిగే దృశ్యం కనిపిస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు సీలు డబ్బా కన్నా తెరిచి ఫొటోలు చూపించిన బొమ్మనే నమ్ముతారు.

వెంటనే పాత స్టార్ వార్స్ బొమ్మల ఉదాహరణ వస్తుంది. ఎప్పుడూ అదే. బోబా ఫెట్ రాకెట్ వదిలే నమూనా 2024లో ఒక వేలంలో 5 లక్షల డాలర్లు దాటి పలికిన మాట వాస్తవం. కానీ అది పిల్లలకు ప్రమాదమని భయపడి కెన్నర్ కంపెనీ ఎన్నడూ దుకాణాలకు పంపని నమూనా. మిగిలినవి చాలా తక్కువ. 1978 నాటి మామూలు బొమ్మలు అరుదైనవి ఎలా అయ్యాయి? పిల్లలు వాటితో మట్టిలో ఆడుకున్నారు, కాళ్లు విరగ్గొట్టారు, కుక్కలకు వేశారు. ఎవరూ దాచుకోలేదు కాబట్టే మిగిలిన కొన్నింటికి ధర వచ్చింది. ఆ కథ విన్న పెద్దవాళ్లు 1995లో కెన్నర్ మళ్లీ స్టార్ వార్స్ బొమ్మలు తెచ్చినప్పుడు డబ్బాలకు డబ్బాలు కొని దాచారు. అందరూ దాచారు. ఇవాళ వాటిలో చాలావాటికి చిల్లర కూడా పలకడం లేదు. బొమ్మల కంపెనీ ఫంకో సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్ముడుపోని 3 కోట్ల డాలర్లకు పైబడిన సరుకును వదిలించుకుంటున్నట్టు 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది. మనం అటక మీద దాచుకుంటున్నవాటిని వాళ్లు చెత్తకుప్పకు పంపారు.

కంపెనీలు దోచుకుంటున్నాయన్న ఆరోపణను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను, కొట్టిపారేయాలని ఉన్నా. ఖర్చులు పెరిగాయి. చైనాలో కూలి రేట్లు పెరిగాయి, సినిమా హక్కుల రుసుము ఉంటుంది, ముఖానికి రంగులు చేత్తోనే వేయాలి, ఉక్కు అచ్చుల ఖర్చును కొన్ని వేల బొమ్మల మీదే రాబట్టుకోవాలి. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ అదే బొమ్మను మామూలుదీ డీలక్సుదీ అని రెండుగా చీల్చి, ఒకప్పుడు డబ్బాలో ఉచితంగా వచ్చిన రెండో ముఖాన్నీ పీఠాన్నీ డీలక్సులోకి తోసి అదనంగా గుంజడాన్ని ఏ ఖర్చు పేరుతో సమర్థించాలి? హాస్‌బ్రో మార్వెల్ లెజెండ్స్ చూడండి. 20 డాలర్ల బొమ్మ 25కు చేరిన రోజుల్లోనే, పర్యావరణం పేరు చెప్పి డబ్బాకున్న ప్లాస్టిక్ కిటికీ తీసేశారు. కొనేవాళ్లు గోల పెడితే కిటికీ తిరిగొచ్చింది. ధర తిరిగిరాలేదు.

మిగతా అపోహల మీద ఎక్కువసేపు ఆగను. పార్సిల్ మీద గిఫ్ట్ అని రాయిస్తే సుంకం ఉండదన్నది 2019 డిసెంబరుతో చచ్చిపోయిన మాట, ఆ మినహాయింపు ఇప్పుడు రాఖీలకూ ప్రాణాధార మందులకూ తప్ప లేదు. మేడిన్ చైనా అని ఉంటే నకిలీ అనుకునేవాళ్లు తమ బీరువాలోని అసలు బొమ్మల్ని ఒకసారి తిరగేసి చూసుకుంటే చాలు. ట్రంప్ సుంకాల వల్లే హైదరాబాదులో ధరలు పెరిగాయన్నది సగం సగం తెలిసిన మాట. అవి అమెరికాలో అడుగుపెట్టే సరుకు మీద వేసినవి, హాంకాంగ్ నుంచి నేరుగా మనకొచ్చే డబ్బాకు తగలవు. అయితే డాలస్‌లో ఉన్న బావగారితో అక్కడ కొనిపించి సూట్‌కేసులో తెప్పించుకునే అలవాటు ఉంటే తగులుతాయి. 2025 మే నుంచి చైనా, హాంకాంగ్ సరుకుకు 800 డాలర్ల లోపు పార్సిల్ మినహాయింపును కూడా అక్కడ ఎత్తేశారు. బావగారు మొహమాటానికి చెప్పకపోయినా ఆ భారం ఆయన జేబు మీద పడుతోంది. ఇక పెద్దవాళ్లకు బొమ్మలేమిటని వెక్కిరించేవాళ్లకు జవాబు అనవసరం. తరతరాల బొమ్మలను ఏటా అటక దించి కొలువు తీర్చే ఇళ్లలో పుట్టిన మనమా ఆ మాట అనేది!

ముందస్తు బుకింగ్ చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బొమ్మ చేతికి రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఆలోపు రూపాయి ఎక్కడుంటుందో, సుంకం ఎంతుంటుందో ఎవరికీ తెలియదు. చెప్పిన ధర చివరిదాకా అదేనా, తేడా వస్తే ఎవరు భరిస్తారు, వద్దనుకుంటే బయానా తిరిగిస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట మీద బయానా కట్టొద్దు. "ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదు" అన్న మాట వినగానే రెండు వారాలు ఆగండి. విడుదలైన కొన్ని నెలలకు వాయిదాలు భారమైనవాళ్లు అమ్మకానికి పెట్టేస్తారు, తరచూ అసలు ధరకన్నా తక్కువకే. ఇంట్లో ఉన్నవాటికి బటన్ బ్యాటరీలు తీసి పక్కన పెట్టండి. తోలు దుస్తులకు చుట్టిన ప్లాస్టిక్ కవరు తీసేయండి. ఎండ తగలని, గాలి ఆడే చోట ఉంచండి. బయటి అట్టపెట్టె, విడి చేతులు, చిన్న చిన్న సామాను పారేయకండి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే కొనేవాడు ముందుగా అడిగేది వాటినే. డబ్బా తెరిచారా లేదా అన్నది వన్ సిక్స్త్ బొమ్మల్లో పెద్ద లెక్కలోకి రాదు, డబ్బా చిరగకుండానే తెరుచుకుంటుంది.

పదేళ్లపాటు రోజూ చూడాలనిపించే బొమ్మైతే, చేతిలో డబ్బుంటే, ఒకటి కొనుక్కోండి. ఆ డబ్బు ఖర్చయిపోయిందని ఇంట్లో నిజం చెప్పండి. కార్డు మీద వాయిదా పెట్టాల్సి వస్తే ఈ నెల వదిలేయండి. రెండోది మాత్రం ఎప్పుడూ వద్దు.