బాక్టీరియా జాడ పట్టే యంత్రం

2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం చేసిన పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. వారం తిరక్కుండానే అదే బడి పిల్లలు కొందరు మళ్లీ అస్వస్థులయ్యారు. ఇలాంటి ప్రతిసారీ ఒకటే వాదన: దోషం బడి వంటదా, నీళ్లదా, బయట కొన్న చిరుతిళ్లదా? అనుమానం బాక్టీరియా మీద ఉన్నప్పుడు దాని డీఎన్‌ఏ గట్టి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని కంటికి కనిపించేలా చేసిన యంత్రం పల్స్‌డ్ ఫీల్డ్ జెల్.

మామూలు జెల్‌లో కరెంటు పెడితే చిన్న డీఎన్‌ఏ ముక్కలు ముందుకు, పెద్దవి వెనక్కు విడిపోతాయి. కానీ దాదాపు 50 వేల అక్షరాలు (బేస్ జతలు) దాటిన ముక్కలన్నీ కలిసే కదులుతాయి. 1984లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ష్వార్ట్జ్, చార్లెస్ క్యాంటర్ దీనికి ఉపాయం కనిపెట్టారు. కరెంటు దిశను పదేపదే మార్చారు. సందు మలుపులో సైకిలు చటుక్కున తిరుగుతుంది, లారీకి సమయం పడుతుంది. పెద్ద ముక్కలూ అలాగే వెనకబడి విడిపోయాయి. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో గిల్బర్ట్ చూ బృందం ఎలక్ట్రోడ్లను షడ్భుజాకారంలో అమర్చి, జెల్‌లో వంకర పోయే డీఎన్‌ఏ చారలను తిన్నగా చేసింది.

సాల్మొనెల్లా అనే బాక్టీరియా డీఎన్‌ఏలో సుమారు 48 లక్షల అక్షరాలుంటాయి. గొట్టంలో గట్టిగా కదిలిస్తే తెగిపోతుంది. అందుకే బాక్టీరియాను బతికుండగానే అగరోజ్ జెల్ బిళ్లలో పొదిగి, కణం గోడలను అందులోనే కరిగిస్తారు. తర్వాత ఎక్స్‌బా-1 అనే ఎంజైము డీఎన్‌ఏను కొద్దిచోట్ల మాత్రమే కత్తిరిస్తుంది. రాత్రంతా కరెంటులో నడిపి, రంగు పట్టించి, అతినీలలోహిత కాంతిలో చూస్తే నిచ్చెన మెట్లలా చారలు కనిపిస్తాయి.

1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. రోగుల్లోని ఇ.కోలి బాక్టీరియా చారలు, మాంసంలోని ఇ.కోలి చారలు ఒకటేనని ఈ యంత్రం చూపింది. 1996లో అక్కడి ప్రయోగశాలలన్నీ ఒకే పద్ధతిలో చారలు తీసి పోల్చుకునేందుకు పల్స్‌నెట్ అనే వ్యవస్థ పుట్టింది. 2019లో ఆ బాధ్యతను పూర్తి జన్యుక్రమ పఠనం అందుకుంది. ఇప్పుడు చారలు కాదు, అక్షరాలే పోలుస్తున్నారు.

మన పాలమూరుకు ఈ కథతో పని ఉంది. గద్వాలలో ఇద్దరికి, వనపర్తిలో ముగ్గురికి, నాగర్‌కర్నూల్‌లో ఒకరికి విరేచనాలైతే అవి మూడు ఆస్పత్రుల్లో మూడు వేర్వేరు కేసులు. ఆ ఆరుగురిలోని సాల్మొనెల్లా ఒకటేనని తేలితే, వాళ్లంతా ఒకే సరుకు తిన్నారేమోనని వెతకవచ్చు. చారలు కలిసినంత మాత్రాన సరిపోదు, ఎవరు ఏం తిన్నారో అడిగి రాసుకోవాలి. రెండూ కలిస్తేనే మూలం దొరుకుతుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బాక్టీరియాను పెంచి, భద్రపరిచి, హైదరాబాదుకు పంపే పని అక్కడే మొదలుకావాలి. వీలైనంతవరకు యాంటీబయోటిక్ మొదటి మోతాదుకు ముందే మలం నమూనా తీయాలి. ప్రతి బడి, ప్రతి హాస్టల్ వండిన కూరలో కొంత శుభ్రమైన డబ్బాలో, ఫ్రిజ్‌లో దాచాలి. పారబోసిన అన్నంలో ఏముందో ఏ యంత్రమూ చెప్పలేదు.