అరచేతిలో కుక్కపిల్ల... ఎందుకంత చిన్నది?

పిల్లల పుట్టినరోజో, కొత్త ఇంటి సంబరమో... అమెరికాలోని మన ఇళ్లలో ‘కుక్కపిల్ల కావాలి’ అనే మాట ఏదో ఒక రోజు వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లు చిన్న జాతే మేలనుకుంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే టీకప్పులో కూర్చోబెట్టిన యార్కీ, పొమేరేనియన్, చివావా ఫొటోలు కనిపిస్తాయి. సైజు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. అడ్వాన్స్ కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘ఇది ఎందుకంత చిన్నది?’

‘టీకప్’ జాతి కాదు

టీకప్, మైక్రో అన్నవి అమ్మేవాళ్లు పెట్టిన పేర్లు. అమెరికన్ కెనెల్ క్లబ్ వీటిని జాతులుగా గుర్తించలేదు. క్లబ్ ప్రమాణాల ప్రకారం ఎదిగిన చివావా 6 పౌండ్లు, యార్క్‌షైర్ టెర్రియర్ 7 పౌండ్లు మించకూడదు. అంటే మామూలు సైజు కుక్కే ఒళ్లో ఇమిడిపోతుంది. అంతకన్నా బాగా తక్కువ ఉందంటే, ఈతలో బలహీనంగా పుట్టినవాటిని ఏరి జతకట్టించి ఉండొచ్చు. వయసు ఎక్కువ చెప్పి, తల్లిపాలు మానని పిల్లను అమ్ముతుండొచ్చు. లేదా పిల్లకే జబ్బు ఉండొచ్చు.

ఒక్క పూట తినకపోయినా...

చాలా చిన్న పిల్లల్లో ఒంట్లో కొవ్వు, కాలేయంలో చక్కెర నిల్వలు తక్కువ. ఒక పూట తినకపోయినా, చలి వేసినా, కొత్త ఇంట్లో బెదిరినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ముందు మత్తుగా ఉంటుంది, తూలుతుంది. తర్వాత వణుకు, ఫిట్స్. గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా తినిపించాలి. తూలుతుంటే చిగుళ్లకు కాస్త తేనె లేదా కార్న్ సిరప్ రాసి, వెంటనే ఎమర్జెన్సీ వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు వెళ్లే ఇంట్లో ఇదంతా కుదురుతుందా? ముందే ఆలోచించుకోవాలి.

పైకి కనిపించని జబ్బులు

యార్కీ, మాల్టీస్‌లలో పుట్టుకతోనే వచ్చే లివర్ షంట్ ఒకటి. రక్తం కాలేయంలో శుద్ధి కాకుండా పక్కదారి పడుతుంది. పిల్ల ఎదగదు, తిన్నాక మత్తుగా పడి ఉంటుంది. ‘ముద్దుగా, బుజ్జిగా’ ఉండడానికి కారణం ఈ జబ్బే కావచ్చు. బైల్ యాసిడ్ రక్తపరీక్షతో అనుమానం తేలుతుంది. చివావాల్లో మెదడులో నీరు చేరడం, చిన్న జాతులన్నిటిలో మోకాలి చిప్ప జారడం, శ్వాసనాళం నొక్కుకుపోయి బాతు అరిచినట్టు దగ్గడం, పాలపళ్లు ఊడకపోవడం తరచూ చూసేవే. మెడకు కాలర్ బదులు హార్నెస్ వాడడం మంచిది. సోఫా మీంచి దూకినా ముందుకాలు విరగొచ్చు. ఇంట్లో నడక నేర్చే పసివాళ్లుంటే మరీ జాగ్రత్త.

వంటింటి సంగతీ ఉంది. ఉల్లి వేసిన కూర, పాయసంలోని కిస్‌మిస్, ద్రాక్ష కుక్కలకు విషం. ఒళ్లు చిన్నదైతే కొద్దిపాటి మోతాదే ఎక్కువవుతుంది.

కొనేముందు...

- తల్లికుక్కను, అది ఉండే చోటును కళ్లారా చూడండి. పార్కింగ్ లాట్‌లో చేతిలో పెట్టి పంపేవారి దగ్గర వద్దు.
- కనీసం 8 వారాలు నిండాలి. మరీ చిన్న జాతులకు 12 వారాలైతే ఇంకా మేలు.
- తల్లిదండ్రుల మోకాళ్లకు ఓఎఫ్ఏ పరీక్ష రిపోర్టు అడగండి.
- పిల్ల నడక, పళ్లు, నడినెత్తి మీ వెట్‌తో చూపించుకోండి. కొన్న రెండు మూడు రోజుల్లోనే ఈ పరీక్ష జరగాలి.
- ఇన్సూరెన్స్ ముందే తీసుకోండి. అప్పటికే బయటపడిన జబ్బుకు సాధారణంగా డబ్బు రాదు.
- న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో జబ్బు పిల్లను అమ్మితే కొన్నవారికి రక్షణ ఇచ్చే చట్టాలున్నాయి. గడువులోగా వెట్ సర్టిఫికెట్ కావాలి కనుక రసీదులు దాచుకోండి.

ఇవి అడిగితే అమ్మేవారు మాట దాటేస్తున్నారా? పిల్లలు ఎంత మారాం చేసినా వెనక్కి వచ్చేయండి. షెల్టర్లలో ఎదిగిన చిన్న కుక్కలూ దొరుకుతాయి. వాటి సైజు, ఆరోగ్యం, స్వభావం ఇంటికి తెచ్చుకునేముందే చాలావరకు తెలుస్తాయి.